బిల్లు మీద ఆ స్టాంపు చెల్లుతుందా?

సంపాదకులకు,

పోయిన నెల డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో మిక్సీ కొన్నాం. రెండో రోజే కొబ్బరి చట్నీ వేస్తుంటే మోటారు కాలిన వాసన, వంటింటి నిండా పొగ. పట్టుకెళ్తే షాపతను మిక్సీ వైపు చూడనైనా చూడలేదు, బిల్లు కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న స్టాంపు మీద వేలు పెట్టి చూపించాడు. నేనూ నిజమే కాబోలు అనుకుని వచ్చేశాను!

తర్వాత తెలిసింది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పాడైన వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వకపోతే తప్పు షాపువాళ్లదే అని. (రంగు నచ్చలేదని వెళ్తే మాత్రం ఇది వర్తించదు, అది వేరే సంగతి.) జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఎలాగూ ఉంది, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

నాకు అర్థం కానిది ఒక్కటే, ఆ స్టాంపు ఇంకా ఎలా నడుస్తోంది? అధికారులు పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా ఒకసారి బిల్లు పుస్తకాలు తిరగేయాలి.

– ఒక వినియోగదారుడు, మర్రిపాలెం, విశాఖపట్నం