ఇంజను ఆపి చెయ్యగలిగింది ఆపే చెయ్యి

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని అనుకోవాలి. నీ నోటితో ఆ మాట విని చాలా రోజులైంది.

నాన్నకు కొత్త కళ్ళజోడు వచ్చింది, ఇంకా అలవాటు పడలేదు. అక్క పెద్దాడు నీకంటే పొడుగైపోయాడు. మొన్న పిన్ని ఫోన్ చేసి, మాటల మధ్యలో నీ కుడిచేతికి కట్టు ఉందనీ, ఆ పాత కారు దగ్గరే ఏదో అయిందనీ అంది. "పెద్దదేం కాదులే అక్కా" అని వెంటనే మాట మార్చేసింది. పిన్ని మాట మార్చిందంటే నాకెలా ఉంటుందో నీకు తెలుసు. సరే, దాని కోసం రాయడం లేదు. కారు టైమింగు, అంటే ప్లగ్గులో స్పార్కు ఏ క్షణాన పడాలో ఆ సర్దుబాటు, నువ్వే పెడుతున్నావట కదా. తాతయ్యకు పానాలు అందిస్తూ పెరిగినదాన్ని, నాకు తెలిసింది రాద్దామని కూర్చున్నాను.

ఒక్కో ప్లగ్గుకి స్పార్కు పంచే ఆ డిస్ట్రిబ్యూటర్ని తిప్పే ముందు, దాని లోపల కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లు చూశావా? అవి విడిపోయినప్పుడే స్పార్కు పడుతుంది. మధ్యలో తిరిగే, మొనలున్న క్యామ్‌కి రాసుకునే పాయింట్ల చిన్న మడమ అరిగేకొద్దీ పాయింట్ల సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, స్పార్కూ ఆలస్యమవుతుంది. పాయింట్ల వల్ల వచ్చిన తేడాని డిస్ట్రిబ్యూటర్ తిప్పి సర్దేస్తే, కొత్త పాయింట్లు వేసిన రోజున మొత్తం తారుమారవుతుంది. అందుకని ముందు సందు, తర్వాతే టైమింగు. చాలా పాత నాలుగు సిలిండర్ల ఇంజన్లకి 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది, నీ కారు పుస్తకంలో ఎంతుంటే అంతే పెట్టు. మడమ సరిగ్గా క్యామ్ మొన మీద ఉన్నప్పుడే కొలవాలి. పాత పాయింట్లలో ఒకదాని మీద చిన్న బొడిపె, రెండోదాని మీద గుంట పడి ఉంటాయి. సందు కొలిచే ఫీలర్ బ్లేడు ఆ బొడిపెకి తగిలి ఆగిపోతుంది, అసలు సందు దానికంటే ఎక్కువుంటుంది. అలాంటివి కొలిచి లాభం లేదు, మార్చెయ్. క్యామ్‌కి గ్రీజు రవ్వంత చాలు. ఎక్కువైతే పాయింట్ల మీద చిమ్మి వాటిని కాల్చేస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటావేమో. 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) దగ్గర, పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్ మిల్లీసెకనుకి 18 డిగ్రీలు తిరుగుతుంది. పెట్రోలు మిశ్రమం పూర్తిగా అంటుకోవడానికి ఒకటి రెండు మిల్లీసెకన్లయినా పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్కు ఇవ్వాలి. ఐడిలింగ్‌లో ఆ ముందు కొద్ది డిగ్రీలే. వేగం పెరిగేకొద్దీ డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు స్ప్రింగుల మీద విచ్చుకుని మిగతాది కలుపుతాయి. నువ్వు పెట్టేది ఆ మొదటి కొద్ది డిగ్రీలు. అదే తప్పితే పైనున్నదంతా తప్పే.

ఇంజను నడుస్తుండగా స్పార్కు పడినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు నీ దగ్గరుందని తెలుసు. నన్నడిగితే ముందు బల్బుతో పెట్టు. ఆ పని ఇంజను ఆపి చేస్తారు, తిరిగేదేదీ ఉండదు. ప్లగ్గులన్నీ విప్పేస్తే చేత్తోనే క్రాంక్ తిరుగుతుంది. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పైకి వస్తూ, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఒకటో ప్లగ్గు వైరు వైపు చూస్తుండాలి. ఒక 12 వోల్టుల బల్బు తీసుకుని ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కి, రెండోది ఇంజను బాడీకి తగిలించు. ఇగ్నిషన్ ఆన్ చెయ్. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బల్బు వెలగదు, విడిపోయిన క్షణాన వెలుగుతుంది. క్రాంక్ కొసనున్న పుల్లీ మీది గుర్తుని కావలసిన డిగ్రీ దగ్గర పెట్టి, క్లాంప్ బోల్టు కాస్త వదులు చేసి, బల్బు సరిగ్గా వెలిగే చోటు వరకు డిస్ట్రిబ్యూటర్ని తిప్పు. రోటర్ తిరిగే దిక్కుకి ఎదురు తిప్పితే అడ్వాన్స్ (స్పార్కు ముందు పడుతుంది), అదే దిక్కున తిప్పితే రిటార్డ్ (ఆలస్యంగా పడుతుంది). క్రాంక్‌ని మాత్రం ఎప్పుడూ ఇంజను తిరిగే వైపే తిప్పు. గుర్తు దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ రావాలి, లేకపోతే టైమింగ్ చైన్ వదులు లెక్కలోకి వస్తుంది. బోల్టు బిగించాక మరోసారి చూడు, బిగింపులో జరుగుతుంది. ఇగ్నిషన్ ఆన్‌లోనే వదిలేసి ఇంకో పని మీదకి పోకు, పాయింట్లు కలిసి ఉంటే కాయిలు కాగిపోతుంది. ఒక చేతికి కట్టున్నా ఈ పని చేసుకోవచ్చు. ఉందో లేదో నువ్వే చెప్పాలి.

గుర్తు అంటే మన పాత కారు జ్ఞాపకమొస్తోంది. నువ్వు దాన్ని తోయడమే చూశావు గానీ అది వేడెక్కిన రోజులు నీకు తెలియవు. ఎత్తెక్కితే చాలు, సూది ఎర్రగీతకి వెళ్ళిపోయేది. పికప్ లేదు. రేడియేటర్ కడిగించారు, థర్మోస్టాట్ మార్చారు, కార్బురేటర్ విప్పి బిగించారు. పెద్దమామయ్య లైటు పెట్టి చూస్తే టైమింగు గుర్తు మీదే ఉంది. ఇంకేముంది, ఇంజను పనైపోయిందన్నారు అందరూ. తాతయ్య ఒప్పుకోలేదు. బ్యాటరీ వైరు తీసేయించి, ఒకటో ప్లగ్గు విప్పమని నాకు చెప్పారు. ఒక పాత ప్లగ్గులో పింగాణీ కొట్టేసి మధ్యలోంచి బోల్టు దింపి పెట్టుకున్నారు, దాన్ని ఆ కన్నంలో బిగించారు. పిస్టన్ వచ్చి ఆ బోల్టుకి ఆనేదాకా క్రాంక్‌ని మెల్లగా తిప్పి, ఇంజను మీదున్న ముల్లుకి ఎదురుగా పుల్లీ అంచు మీద సుద్దతో గీత పెట్టారు. రెండో వైపు తిప్పి ఆనించి ఇంకో గీత. పిస్టన్ పైకొచ్చాక కొన్ని డిగ్రీల పాటు కదిలీ కదలనట్టు ఉంటుంది, కంటితో ఆ పైచోటు పట్టుకోలేం, అందుకని రెండు వైపుల నుంచీ కొలవాలి అన్నారు. టార్చి పట్టుకున్నది నేనే. రెండు గీతల మధ్య పుల్లీ అంచు వెంట కుట్టుదారం పరిచి, తెంచి, సగానికి మడిచి మళ్ళీ పెట్టారు. ఆ మడత దగ్గర ఉండాలి అసలు పైచోటు. కంపెనీ గీత ఎక్కడో పక్కనుంది. పుల్లీలో బయటి రింగుకీ లోపలి భాగానికీ మధ్యనున్న రబ్బరు ఎండి పెళుసైపోయి, రింగు జరిగిపోయిందన్నమాట. లైటు చూపించింది ఆ జరిగిన గీతనే! దానికి సరిపెట్టిన టైమింగు బాగా రిటార్డ్‌లో ఉంది. స్పార్కు ఆలస్యమైతే మంట పిస్టన్‌ని తోయాల్సిన వేళ దాటిపోయి, ఆ వేడంతా సిలిండర్ గోడలకీ ఎగ్జాస్టుకీ పోతుంది. ఆకురాయితో కొత్త గీత గీసి తెల్లరంగు పూశారు తాతయ్య. ఆ తర్వాత అదే ఎత్తు ఎక్కితే సూది కదల్లేదు. రింగు మళ్ళీ జరగకుండా పుల్లీ కొత్తది తెప్పించేదాకా దూరాలు పోనివ్వలేదు. నీ కారు వయసుకి నువ్వూ ఒకసారి ఆ గీత నిజమో కాదో చూడాలి.

అడ్వాన్స్ ఎక్కువైనా ప్రమాదమే. బరువు మీద, ఎత్తు మీద, గాజుసీసాలో గోలీలు కదిపినట్టు చప్పుడొస్తే కాలు తీసెయ్, ఇంటికొచ్చి కొద్దిగా రిటార్డ్ చెయ్. అలాగే నడిపితే పిస్టన్ కరుగుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు వెనక్కి తన్నేది కూడా అడ్వాన్స్ వల్లే. నీ కారుకి చేత్తో తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్ ఉందని అక్క అంది. తగిలింది దానివల్లేనా? హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు చుట్టకూడదు, మిగతా వేళ్ళ వైపే ఉంచాలి, కిందికి తొయ్యకూడదు, పైకి లాగాలి. నీ కారులోని పాయింట్లూ కాయిలూ పద్ధతికీ, 1912లో క్యాడిలాక్‌కి వచ్చిన సెల్ఫ్ స్టార్టరుకీ వెనక చార్లెస్ కెటరింగే ఉన్నాడు. ఆ స్టార్టరు ఉండగా నీకు హ్యాండిలెందుకు నాన్నా?

బల్బుతో పెట్టాక లైటుతో సరిచూసుకో, వద్దనను. ఇంజను వేడెక్కాక, ఐడిలింగ్ పుస్తకంలో చెప్పినంత తగ్గించి, డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి కొస మూసి చూడాలి. కానీ ఆ లైటు మెరుపులో ఫ్యాను ఆగినట్టో, మెల్లగా కదులుతున్నట్టో కనిపిస్తుంది. అది ఆగలేదు. పొడుగు చేతుల చొక్కా వద్దు, గడియారం, ఉంగరం తీసెయ్. లైటు వైరు బెల్టుకి దూరంగా ఉంచు. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉంచు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే చంపుతుంది. దగ్గర మనిషి లేకుండా చెయ్యకు.

తాతయ్య ఫీలర్ గేజ్, ఆ బోల్టు దింపిన ప్లగ్గు, టెస్ట్ బల్బు గుడ్డలో చుట్టి పంపిస్తున్నాను. గేజ్‌లో 0.4 బ్లేడు కొస వంగి ఉంది, దాన్ని వాడకు. 0.25, 0.15 రెండూ కలిపి పెట్టుకో. వాడాక నూనె రాసి పెట్టు. అందిందని నువ్వే ఫోన్ చెయ్యి, పిన్నితో చెప్పించకు.

అమ్మ