తుంగభద్ర ఒడ్డున నడక బాట: వరదకు మునిగినా చెడనిది కట్టండి

సంపాదకులకు నమస్కారం.

తుంగభద్ర ఒడ్డును అభివృద్ధి చేయాలన్న మాట కర్నూలులో ఎప్పుడు వచ్చినా చర్చ రంగు దీపాలు, ఫౌంటెన్లు, విగ్రహాల చుట్టూ తిరుగుతుంది. నడిచేవారికి ఏం కావాలి, నది పొంగిన రోజు ఆ కట్టడం ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలు వెనకబడిపోతాయి. పనికొచ్చే బాట కావాలంటే ముందు తేలాల్సినవి ఈ రెండే.

నదీతీర నడకకు కర్నూలుకు ఉన్న అనుకూలత చాలా ఊళ్లకు లేదు. పాత ఊరికి ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ. రెండూ ఊరి అంచునే కలుస్తాయి. కొండారెడ్డి బురుజు దగ్గర బయలుదేరి తుంగభద్ర ఒడ్డుకు చేరి, ఘాట్ల వెంట దిగువకు నడిచి, సంగమం దగ్గర మలుపు తిరిగి హంద్రీ ఒడ్డు పట్టుకుని ఎగువకు వస్తే, అబ్దుల్ వహాబ్ గుమ్మటం చూసుకుని మళ్లీ పాత ఊళ్లోకి రావచ్చు. వెళ్లిన దారినే వెనక్కి రావలసిన పని లేదు. ఈ చుట్టు పూర్తవ్వాలంటే బాట ఎక్కడా తెగకూడదు. మధ్యలో ఏభై మీటర్లు తెగినా మనుషులు అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు, తెగిన చోటికి అవతల ఎంత ఖర్చు పెట్టినా అది చెత్త వేసే చోటవుతుంది. కాబట్టి ఒక కిలోమీటరు అద్దంలా కట్టి మిగతాది తర్వాత చూద్దామనడం కంటే, మొత్తం చుట్టును ముందు సాదాగా కలపడం మేలు.

ఇక వరద. 2009 అక్టోబరు 2న ఈ ఊరికి ఏం జరిగిందో కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. తుంగభద్ర పొంగింది, దిగువన శ్రీశైలం జలాశయం నిండి ఉంది, హంద్రీ నీరు పోయే దారి లేక వెనక్కి తన్ని ఊరిని ముంచింది. అంత వరద మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నది ఘాట్ల మెట్లెక్కడం మామూలే. అందుకని బాటను రెండు అంతస్తులుగా అనుకోవాలి. పైది కట్ట మీద, రోజూ నడవడానికి. కిందిది నీటి పక్కన, ఏటా కొన్ని రోజులు మునుగుతుందని ముందే ఒప్పుకుని కట్టేది. కింది బాట మీద కరెంటు సామాను ఒక్కటి కూడా పెట్టకూడదు. పై బాటలో కూడా మీటర్లు, స్విచ్ పెట్టెలు 2009 నీటి మట్టానికి పైనే ఉండాలి. ఆ మట్టాన్ని ప్రతి దీపస్తంభం మీదా గీత గీసి చూపిస్తే కొత్తగా వచ్చిన వారికీ పిల్లలకీ నది సంగతి అర్థమవుతుంది.

కింది బాటకు పేవర్ బ్లాకులు వద్దు. ఇసుక మీద పరిచిన పేవర్ బ్లాకుల కింది ఇసుకను వరద లాగేస్తుంది. నీరు తీసేసరికి బ్లాకులు అక్కడక్కడా కుంగి కాళ్లకు తట్టుకుంటాయి. గచ్చు కాంక్రీటు వేసి, పైన చీపురుతో గరుకు గీయడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. రాయే కావాలంటే దగ్గరలోనే బేతంచర్ల నాపరాయి ఉంది. అయితే పాలిష్ పట్టింది వాడితే ఒండ్రు పేరుకున్న రోజు జారిపడని వారుండరు. ఉలితో గంట్లు పెట్టిన రాయే వాడాలి. వరద తీశాక రెండు మూడు రోజుల్లోపు, ఒండ్రు తడిగా ఉండగానే తీసేయాలి. తడి ఒండ్రు పారకూ పైపు నీళ్లకూ లొంగుతుంది. ఎండాక గునపం కావాలి, గునపం దెబ్బకు గచ్చు పగులుతుంది.

ఒడ్డు గోడల విషయంలో చాలామంది తప్పుగా ఊహించేది ఒకటుంది. నీరు పెరిగేటప్పుడు కంటే వేగంగా తగ్గేటప్పుడే గోడకు ప్రమాదం ఎక్కువ. నది దిగిపోతుంది, గోడ వెనక మట్టిలో చేరిన నీరు మాత్రం అక్కడే ఉండి గోడను నది వైపు తోస్తుంది. అందుకే గోడలో 75 నుంచి 100 మిల్లీమీటర్ల గొట్టాలు, మీటరు నుంచి మీటరున్నర ఎడంలో, వరసలు తప్పించి పెట్టాలి. వాటి వెనక కంకర పొర ఉండాలి. కంకర లేకుండా గొట్టం ఒక్కటే పెడితే మట్టి కొట్టుకొచ్చి మూసుకుపోతుంది, లేదా మట్టంతా బయటికి పోయి పైన బాట గుల్లవుతుంది. గోడకు రంగు వేసేటప్పుడు ఈ రంధ్రాలను సిమెంటుతో పూడ్చే అలవాటు మానుకోవాలి.

రెయిలింగ్ పై బాటకు 1.1 మీటర్ల ఎత్తులో, నిలువు ఊచలతో ఉండాలి. అడ్డ ఊచలైతే పిల్లలకు నిచ్చెనలవుతాయి. కింది బాటకు మాత్రం పాతేసిన రెయిలింగ్ పనికిరాదు. వరదలో వచ్చే ముళ్లకంప, గుర్రపుడెక్క దానికి చిక్కుకుని, నీటి తోపుకు స్తంభాలు వేళ్లతో సహా లేస్తాయి. గుంతలో దించి, జూన్‌లో తీసి దాచుకునే స్తంభాలూ గొలుసూ చాలు.

పై బాట వెడల్పుకు కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కనీసం 1.8 మీటర్లు. అది బెంచీలూ స్తంభాలూ పోగా అడ్డు లేకుండా మిగలాల్సిన వెడల్పు. పొద్దున్నే జనం ఎదురెదురుగా నడిచే చోట మూడు మీటర్లు ఉంటేనే హాయి. ఎక్కే దారుల్లో కనీసం కొన్నిటికి మెట్లతో పాటు 12కు 1 వాలు ర్యాంపు కావాలి. నాలుగు మీటర్ల ఎత్తు కట్టకు ఆ లెక్కన 48 మీటర్ల ర్యాంపు, మధ్యలో ఆగడానికి చదును చోట్లు కలిపితే దాదాపు 55 మీటర్లు. ఈ చోటు ముందే మిగల్చకపోతే చివర్లో నిటారు ర్యాంపు ఒకటి అంటించి, చక్రాల కుర్చీలో వచ్చిన వారిని కిందే నిలబెడతారు.

మోటార్ సైకిళ్లను ఆపడానికి స్తంభాలు పాతడం ఒక్కటే మందు కాదు. చక్రాల కుర్చీ పట్టే 90 సెంటీమీటర్ల సందులో మోటార్ సైకిల్ కూడా పడుతుంది. సందు తగ్గిస్తే కుర్చీ ఆగుతుంది గానీ, మోటార్ సైకిల్ పక్కనున్న వాలెక్కి వస్తుంది. ప్రవేశం దగ్గర దారిని మెలిక తిప్పాలి, కట్ట కిందే బండి నిలిపే చోటు ఇవ్వాలి, ఆపైన మనిషిని పెట్టాలి. చాలాచోట్ల బండి పైకి రావడానికి అసలు కారణం కింద పెట్టుకునే చోటు లేకపోవడమే.

నీడ గురించి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో చెట్లు లేని బాట ఉదయం ఎనిమిది తర్వాత ఎవరికీ పనికిరాదు. అయినా మట్టి కట్ట మీద చెట్లు నాటొద్దని గట్టిగా చెప్పక తప్పదు. వేళ్లు కుళ్లితే కట్టలో సొరంగాలు మిగులుతాయి, వరదలో నీరు వాటి గుండా దారి చేసుకుంటుంది. పందికొక్కుల బొరియలదీ అదే తీరు. కట్ట వాలుకు గరిక చాలు. కానుగ, వేప కట్ట పాదానికి కొన్ని మీటర్ల అవతల, ఊరి వైపున వేస్తే కొమ్మలు పెరిగి బాట మీదికి వంగుతాయి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మురుగు మళ్లింపు. ఊరి మురుగు కాల్వలు రెండు నదుల్లోకీ దిగుతున్నంత కాలం నీటి పక్కన నడక ముక్కు మూసుకునే నడకే. కాల్వలను ఒడ్డు వెంట పెద్ద గొట్టంతో పట్టి శుద్ధి కేంద్రానికి మళ్లించాలి. ఆ గొట్టం బాట కింద పోయేటట్టయితే బాటకు ముందే వేయాలి. బాట కట్టాక తవ్వడం మొదలుపెడితే ఆ అతుకు ఎప్పటికీ కుదురుకోదు. వాన నీరు నదిలోకి పోయే ప్రతి తూముకూ నది వైపు తలుపు ఉండాలి. నది మట్టం తూము కంటే పైకొస్తే తలుపు దానంతటదే మూసుకుని నీరు ఊళ్లోకి ఎగదన్నకుండా ఆపుతుంది. ఒక కొబ్బరి చిప్పో, గుడ్డపీలికో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. అందుకని ఏటా మే నెలలో ప్రతి తలుపూ చేత్తో ఎత్తి దించి చూడాలి. తలుపు మూసుకున్న వేళ ఊళ్లో వాన పడితే ఆ నీటిని తోడిపోయడానికి పంపు కూడా అక్కడే ఉండాలి.

వంతెనల దగ్గర నడిచేవారిని వాహనాల మధ్యకు తోలకుండా వంతెన కిందుగా దారి తీయవచ్చు. తల పైన కనీసం రెండున్నర మీటర్ల ఖాళీ, రాత్రంతా వెలుతురు కావాలి. ముందుగా మునిగేది ఈ చోటే కాబట్టి రెండు వైపులా గేటు, పైన రోడ్డు దాటే మరో దారి తప్పనిసరి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన ఒడ్డున కూడా హెచ్చరికలు జారీ చేయాల్సి వచ్చింది. అలాంటి రోజు కింది బాట గేట్లు ఎవరు మూయాలో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందే రాసి ఉండాలి. బాట వెంట వంద మీటర్లకో సంఖ్య రాస్తే, 108కు ఫోన్ చేసినవారు ఎక్కడున్నారో చెప్పగలుగుతారు.

2020 పుష్కరాలకు సిద్ధం చేసిన ఘాట్లనే ఈ బాటకు మజిలీలుగా వాడుకోవాలి. మళ్లీ పుష్కరాలు 2032లో. అప్పటిదాకా వాటిని ఊడ్చే దిక్కు ఈ నడిచే జనమే తెస్తారు. బట్టలుతికేవారి బండలనూ పుట్టి దించే రేవులనూ బాట పేరుతో తొలగించకూడదు. అక్కడ రెయిలింగ్ తెరిచి వాలు దారి ఇస్తే సరిపోతుంది. అర కిలోమీటరుకు ఒక మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి లేకుండా ఆడవాళ్లూ పెద్దవాళ్లూ రారు.

చివరిగా, జల వనరుల శాఖ, నగర పాలక సంస్థ, పట్టణాభివృద్ధి సంస్థ కలిసి మూడు కాగితాలు ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాం. నది సరిహద్దు రాళ్లు చూపే సర్వే పటం, 2009 మట్టంతో కలిపి గీసిన బాట అడ్డకోత చిత్రం, నిర్మాణ ఖర్చు పక్కనే ఏటా ఒండ్రు తీత, తూము తలుపుల మరమ్మతు, కాపలాకు కేటాయించిన మొత్తం. టెండర్ పిలవడానికి కనీసం నెల రోజుల ముందు వీటిని వార్డు సచివాలయాల్లో అతికించి అభ్యంతరాలు తీసుకోవాలి.

భవదీయులు,
నదీ కట్టల పనులు చేసి ఉద్యోగ విరమణ పొందిన కొందరు ఇంజనీర్లు,
కర్నూలు