కణం అస్థిపంజరాన్నీ లెక్కలోకి తీసుకోండి

సంపాదకులకు నమస్కారం.

ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాలపై తెలుగులో వచ్చే వ్యాసాలు చాలావరకు జన్యువుల దగ్గరే ఆగిపోతున్నాయి. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాక బృందం నాలుగు జన్యువులతో ఎలుక ఫైబ్రోబ్లాస్టులను (బంధన కణజాలపు కణాలను) మూలకణాల స్థితికి తెచ్చిన మాట నిజమే. అదే ఏడాది వచ్చిన మరో ప్రయోగం గురించి ఎవరూ రాయరు. ఎముకమజ్జ మూలకణాలను 1 కిలోపాస్కల్ (గట్టిదనపు కొలత) లోపు మెత్తని జెల్‌పై పెంచితే నాడీకణాల వైపు, 10 దగ్గర కండరం వైపు, 30 దగ్గర ఎముక వైపు మళ్లాయి. కణానికి అస్థిపంజరంలా పనిచేసే యాక్టిన్ అనే ప్రోటీన్ తీగలు, వాటిని లాగే మయోసిన్ అనే మరో ప్రోటీన్ సాయంతో పునాదిని లాగి చూస్తాయి. అది గట్టిదైతే తీగలు బిగుస్తాయి, కేంద్రకం చదునవుతుంది, యాప్ అనే ప్రోటీన్ అందులోకి చేరి జన్యువులను మేల్కొలుపుతుంది. బ్లెబిస్టాటిన్ అనే రసాయనంతో మయోసిన్‌ను ఆపితే ఈ తేడాలు కనిపించవు.

బెంగళూరు ల్యాబుల్లో చేరే మన విద్యార్థులకు ఇది చాలా అవసరం. కణాలను పెంచే మామూలు ప్లాస్టిక్ డిష్ కండరం కంటే లక్షల రెట్లు గట్టిది, అందుకే గాజుపై పోసిన మెత్తని జెల్ వాడాలి. జెల్ మందం కొద్ది మైక్రాన్లే అయితే కణం కింది గాజును పసిగట్టేస్తుంది; 50 మైక్రాన్లకు తగ్గకూడదు. జెల్ తయారుచేసే యాక్రిలమైడ్ ద్రావణంలోని గాలి తీసేయకపోతే ఆక్సిజన్ అడ్డుపడి జెల్ సరిగా గట్టిపడదు. అన్నిటికంటే మోసపుచ్చేది కణాలు అంటుకోవడానికి జెల్‌పై వేసే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పూత. అది పలచనైతే కణాలు అంటుకోక గుండ్రంగా మిగులుతాయి, దాన్ని మెత్తదనం ప్రభావమని పొరబడతారు. మానవ మూలకణాలను విడదీశాక బతికించేందుకు వేసే 10 మైక్రోమోలార్ గాఢత గల రాక్ నిరోధకాన్ని (మయోసిన్‌ను పనిచేయించే రాక్ అనే ఎంజైమును ఆపే రసాయనాన్ని) 24 గంటలకు కడిగేయాలి. లేకుంటే కొలవాల్సిన బిగువునే అది తగ్గించేస్తుంది.

మీ సైన్స్ పేజీలో ఈ సంగతులను బొమ్మలతో వివరించగలరు.

— కణజీవశాస్త్ర పరిశోధకులు, బెంగళూరు