ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు కృతజ్ఞతలు

నిన్న మధ్యాహ్నం, విరిగిన ఎముకను పట్టి ఉంచేందుకు నా కాలి చుట్టూ 11 నెలలుగా ఉన్న లోహపు రింగులను తీసివేశారు. రాత్రంతా నిద్ర లేదు, చేయి ఇంకా వణుకుతోంది; అయినా ఈ నాలుగు మాటలు రేపటికి వాయిదా వేయలేను.

ప్రమాదంలో నుజ్జయిన మోకాలి కింది ఎముకలో చీము పట్టిన భాగాన్ని తొలగించాక 6 సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది. అంత ఖాళీ దానంతట అది పూడదు కనుక, 1950ల తొలినాళ్లలో సైబీరియాలోని కుర్గాన్‌లో డాక్టర్ ఇలిజరోవ్ రూపొందించిన పద్ధతిని వైద్యులు ఎంచుకున్నారు. కాలి చుట్టూ రింగులు పెట్టి, పిన్నులతో వాటిని ఎముకకు బిగిస్తారు; ఎముకను బాగున్న చోట కోసి, రింగులకున్న నట్టులు తిప్పుతూ ఆ ముక్కను రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున కిందికి జరుపుతూ పోతే, అది వదిలి వచ్చిన చోట కొత్త ఎముక పుడుతుంది. జరపవలసింది రోగే: ఆరు గంటలకొకసారి, నట్టుకు పావు మిల్లీమీటరు.

డిశ్చార్జి రోజున చేతిలో ఒక స్పానర్, ఒక కాగితం పెట్టి పంపారు. ఎటు తిప్పాలో తెలియక వరండాలో బల్ల మీద కూర్చుండిపోయిన నా దగ్గరికి, చెకప్‌కు వచ్చిన ఒక పెద్దాయన వచ్చారు. ప్యాంటు మడిచి, పిన్నుల మచ్చలున్న తన కాలు చూపి, “తాకి చూడు బాబూ, ఎంత గట్టిగా ఉందో” అన్నారు. ప్రతి నట్టు మీదా ఎర్ర చుక్క పెట్టి, ఆ చుక్క ఎటు నడవాలో నా చేత నాలుగుసార్లు తిప్పినట్టు చూపించమన్నారు. ఈలోగా లోపలి నుంచి ఆయన పేరు రెండుసార్లు పిలిచారు, ఆయన లేవలేదు. అప్పుడు నేను ఏడ్చేశాను. ఆ పేరు నా చెవిన పడింది గానీ, ఆనాటి స్థితిలో మనసులో నిలవలేదు. తర్వాతి 60 రోజుల్లో 240 సార్లు నట్టు తిప్పాను, ప్రతిసారీ ఆ ఎర్ర చుక్కనే చూసుకుంటూ.

నా భార్య, తమ్ముడు చేసినదానికి విడిగా చెప్పనక్కరలేదు.

ఒక్క బాధ మాత్రం దాచుకోలేను. ఎముక విరిగి 9 నెలలు గడిచి, చివరి 3 నెలల ఎక్స్‌రేలలో ఏ మార్పూ లేకపోతే ఎముక అతకడం లేదనే సాధారణంగా లెక్కిస్తారట. మొదట వైద్యం చేసినచోట, ఆ గడువు దాటాక కూడా “కలుస్తుంది, ఓపిక పట్టండి” అనే మాటతోనే నన్ను తిప్పి పంపారు. ఇక రింగులు బిగించినచోట, కాలు నిలిపే చికిత్సలో నేర్పవలసినది కూడా నేర్పకుండా పంపడం న్యాయం కాదు.

పిన్నుల చుట్టూ రోజూ శుభ్రం చేసిన సిస్టర్‌కు, రింగులతోనే నన్ను నిలబెట్టిన ఫిజియోథెరపిస్టుకు, రాత్రివేళ రక్తమిచ్చిన ఇద్దరు యువకులకు కూడా నమస్కారాలు. అన్నట్టు, ట్రాలీ గడప దాటేటప్పుడల్లా నా పాదం కుదుపుకు గురికాకుండా రెండు చేతులా పట్టుకున్న వార్డు బాయ్‌ను మరిచాను, క్షమించాలి, ఆయనకూ.