జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా వీధి హవల్దార్ తాతగారు 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున పనిచేశారు. పింఛను డబ్బుతో తన జ్ఞాపకాలు అచ్చు వేయించుకుని, ఆదివారం సంతలో మడత కుర్చీ వేసుకుని అమ్ముతున్నారు. కొన్నవాళ్లకు వణికే చేత్తో సంతకం పెట్టి, కింద ర్యాంకు రాసిస్తారు. (కాస్త టైం పడుతుంది, తొందరపెట్టకూడదు.) డిసెంబర్ 16న ఢాకాలో జరిగిన పాకిస్తాన్ సైన్యం లొంగుబాటుకు రెండే వాక్యాలు, తడిసిన బూట్లకీ, ఆలస్యంగా అందిన అమ్మ ఉత్తరానికీ పది పేజీలు. నాకు అదే నచ్చింది.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదండీ. అందులోంచి ప్రతి శాఖా గ్రంథాలయానికీ ఒక కాపీ కొనండి. దరఖాస్తు కోసం ఆయన్ని మీ ఆఫీసు మెట్లెక్కించకండి, మోకాళ్లు బాగాలేవు. మీ మనిషినే సంతకు పంపండి. పదకొండు దాటితే ఎండకి లేచి వెళ్లిపోతారు.

ఇట్లు,
మీ శాఖా గ్రంథాలయ సభ్యురాలు