నాన్న ఆపరేషన్ బాగా అయ్యింది, థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు

నాన్న ఇంటికొచ్చేశారండి. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పలేకపోయా, అందుకే ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దదే.

ఒంట్లో రక్తం ఎందుకు తగ్గిపోతోందా అని ఎండోస్కోపీ చేయిస్తే పొట్టలో, కింది భాగంలో, క్యాన్సర్ అని తేలింది. మొదటి స్టేజే అన్నారు, అంతవరకు నయం. కానీ ఆయనకి గుండెలో స్టెంట్, షుగర్, ఇన్నేళ్ళ బీడీల పుణ్యమా అని సీఓపీడీ (ఊపిరి సరిగ్గా ఆడనివ్వని ఊపిరితిత్తుల జబ్బు), అన్నీ ఉన్నాయి. మొదట చూపించిన చోట ఈయన మత్తు తట్టుకోలేరండి అనేశారు.

హైదరాబాద్‌లో సర్జన్ గారు మాత్రం లాప్రోస్కోపీలో, అంటే చిన్న కన్నాలు పెట్టి, చేద్దాం, కాకపోతే ఇప్పుడే కాదు అన్నారు. కొరియాలో మొదటి స్టేజ్ వాళ్ళు 1400 మందికి పైగా ఉన్న క్లాస్ (KLASS) అనే ట్రయల్ గురించి చెప్పారు, పొట్ట కోసి చేసినా చిన్న కన్నాలతో చేసినా అయిదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు దాదాపు సమానమేనట (93.3, 94.2 శాతం), కుట్ల దగ్గర ఇబ్బందులు మాత్రం కన్నాల పద్ధతిలో తక్కువట. "మీ నాన్నగారి ఊపిరితిత్తుల సంగతి వేరు, మధ్యలో తేడా వస్తే ఓపెన్ చేసేస్తా" అని ముందే చెప్పేశారు. అలా దాచకుండా చెప్పినందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

అసలు థాంక్స్ మత్తు డాక్టర్ మేడమ్‌కి. చిన్న కన్నాలంటే చిన్న ఆపరేషన్ అనుకుంటాం కదా, ఆవిడ కూర్చోబెట్టి చెప్పాకే తెలిసింది, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి ఉబ్బిస్తారు, అది ఊపిరితిత్తుల్ని కింద నుంచి నొక్కుద్ది, కొంత రక్తంలోకి కూడా వెళ్ళుద్ది, సీఓపీడీ ఉన్నవాళ్ళకి దాన్ని బయటికి వదలడమే కష్టం. అంటే ఆపరేషన్ జరిగేటప్పుడు ఊపిరికి ఇదే భారం, తర్వాత మాత్రం ఇదే మేలు, నొప్పి తక్కువ కాబట్టి గట్టిగా దగ్గగలరు, కఫం పేరుకోదు, న్యుమోనియా భయం తగ్గుద్ది. అందుకే కొన్ని వారాలు ఆగి బీడీ మాన్పించి, ఇన్‌హేలర్లు సరిచేసి, షుగర్ దారిలో పెట్టారు. క్యాన్సర్ పెట్టుకుని ఆగడమేంటని అక్క ఒకటే ఏడుపు! రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల్లో గుండె డాక్టర్ గారు క్లోపిడోగ్రెల్ ఆపించి ఆస్పిరిన్ ఉంచారు (ఇది నాన్న విషయం, మీకు మీ డాక్టరే చెప్పాలి).

ఫిజియో అమ్మాయికి ఎంత చెప్పినా తక్కువే. మూడు బంతుల ఊపిరి మెషీన్ ఇచ్చి, నాన్న విసుక్కున్నా, "ఇవాళ రెండో బంతి కూడా లేవలేదేంటి తాతగారూ" అని రెచ్చగొట్టి మరీ చేయించింది. ఆపరేషన్ మర్నాడే లేపి నడిపించింది కూడా.

కన్నాలతోనే పూర్తయ్యింది, ఓపెన్ చేయాల్సిన పని పడలేదు. కింది భాగం, చుట్టూ ఉన్న లింఫ్ నోడ్స్ (క్యాన్సర్ పాకే అవకాశమున్న చిన్న గ్రంథులు) తీసేసి మిగిలిన పొట్టని పేగుకి కలిపారు. ఇప్పుడు కొంచెం కొంచెంగా చాలాసార్లు తినాలి, తీపి ఎక్కువైతే కళ్ళు తిరిగి చెమటలు పడతాయట. ఆవకాయ ఎప్పుడు తినొచ్చు అని డైటీషియన్‌ని ఇప్పటికే అడిగేశారు.

రక్తం కోసం పోస్ట్ పెడితే గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చిన కుర్రాళ్ళకి, రాత్రిళ్ళు ఆక్సిజన్ చూసిన నర్సమ్మలకి, వార్డులో పేరు అడగడం కూడా కుదరని ఆ అన్నకి, అందరికీ దణ్ణాలు. ఇంట్లో ఇలాంటి కేసు ఉంటే మెసేజ్ పెట్టండి, ఏ డాక్టర్ని ఏం అడగాలో నాకు తెలిసినంత చెప్తా.