ప్రొబేషన్ నిర్ణయం చివరి వారానికా?

సంపాదకులకు నమస్కారం.

మాదాపూర్ ఆఫీసుల్లోనైనా అబిడ్స్ షోరూముల్లోనైనా కొత్తవాళ్లకు ఆరు నెలల ప్రొబేషన్ (పనితీరు చూసే గడువు) పెట్టడం మామూలే. ఆ ఆరు నెలలూ పట్టించుకోకుండా, చివరి వారంలో మేనేజర్‌కి ఒక ఫారం పంపి ‘ఉంచాలా, పంపాలా?’ అని అడగడమూ మామూలైపోయింది. పేచీలన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం (1988) 47వ సెక్షన్ ప్రకారం, వరసగా ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా తీసేయకూడదు. తీసేయాల్సి వస్తే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. ప్రొబేషన్ గడువూ సరిగ్గా ఆరు నెలలే కాబట్టి నిర్ణయం వారం ఆలస్యమైనా లెక్క మారిపోతుంది. జూన్ 3న చేరినవారి గడువు డిసెంబరు 2తో సరి. నవంబరు మొదటి వారానికే మేనేజర్ అభిప్రాయం హెచ్‌ఆర్ చేతికి రావాలి.

అంతకు ముందే 30, 60, 90 రోజులకు కూర్చుని మాట్లాడాలి. అరగంట చాలు, కానీ కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. ‘ఇంకా మెరుగుపడాలి’ అన్న రాత దేనికీ కొరగాదు. ‘రోజుకు 40 బిల్లులు ఎంట్రీ చేయాలి, 25 దగ్గరే ఆగుతున్నారు, జీఎస్టీ కాలమ్‌లో తప్పులు వస్తున్నాయి, రెండు వారాలు సీనియర్ పక్కన కూర్చోబెడతాం’ అని రాస్తే ఏం దిద్దుకోవాలో తెలుస్తుంది. ఆ 40 సంగతి చేరిన వారంలోనే చెప్పి ఉండాలి మరి!

పొడిగించాలంటే గడువు ముగియకముందే లెటర్ ఇవ్వాలి. ఎన్ని నెలలు, ఎందుకు అన్నది అందులో ఉండాలి. నోటిమాటతో సాగదీయడం ఇద్దరికీ చేటు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో గరిష్ఠ గడువు ఉండి, అది దాటాక కూడా పనిలో ఉంచుకుంటే కన్ఫర్మ్ అయినట్టేనని ఉద్యోగి వాదించవచ్చు. ‘రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేదాకా ప్రొబేషనే’ అని ఉంటే ఆ ఆసరా తగ్గుతుంది. అపాయింట్‌మెంట్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఉద్యోగి ఈ ఒక్క వాక్యం వెతికి చదవాలి.

ఉద్యోగం నుంచి తీసేస్తూ ఇచ్చే లెటర్‌లో ‘నిజాయతీ లేదు’ లాంటి నింద రాస్తే అది విచారణ లేకుండా వేసిన శిక్ష కిందికి వస్తుంది, కోర్టులో నిలవడం కష్టం.

‘కన్ఫర్మ్ అయ్యాకే పీఎఫ్’ అనే మాట నగరంలో ఇంకా వినిపిస్తోంది. అర్హులకు పీఎఫ్, ఈఎస్ఐ చేరిన రోజు నుంచే వర్తిస్తాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం, తీసేసినా తనంతట తాను మానేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్‌కి (మానేసినవారి చివరి లెక్క తేల్చడానికి) 45 రోజులు పడుతుందని తిప్పుకునే సంస్థలు ముందు తమ పాత ఫార్మాట్‌ను దిద్దుకోవాలి.

– ఒక హెచ్‌ఆర్ ఉద్యోగి, కూకట్‌పల్లి, హైదరాబాద్